ఒంటిగా ఉన్నవాళ్ల క్రిస్మస్

నంద్యాల జిల్లా గడివేముల చుట్టుపక్కల పల్లెల్లో డిసెంబరు 24 రాత్రి నిశ్శబ్దం ఉండదు. చర్చి మీది మైకు మోగుతుంటుంది. ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతుంటాయి. పొయ్యి మీద అరిసెల పాకం, దండెం మీద కొత్త బట్టలు. ఆరాధన ముగిసేసరికి పల్లె పల్లెంతా ఒకరికొకరు చేతులు కలిపి పండుగ శుభాలు చెప్పుకుంటారు. ఆ చేతులు కలపడం అయ్యాక ఇంటికెళ్లి, తాళం తీసి, లైటు వేసుకుని, మాట్లాడేవాళ్లెవరూ లేని గదిలో కూర్చునేవాళ్లు ఆ గుంపులోనే కొందరుంటారు. ఈ వ్యాసం వాళ్ల గురించి.

క్రిస్మస్ నాటి ఒంటరితనం మీద వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం పడమటి దేశాలవి. అక్కడ దృశ్యం ఒక్కటే: మూసిన తలుపులు, భోజనబల్ల చుట్టూ చేరిన కుటుంబం, ఆ బల్ల దగ్గర చోటు లేని మనిషి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో, 1843లో చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కారల్' వెలువడిన ఆ కాలంలో, క్రిస్మస్ కుటుంబ పండుగగా స్థిరపడింది. మన సీమలో అది వేరే దారిన వచ్చింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ఎస్.పి.జి. అనే పిలిచే ఆంగ్లికన్ మిషన్ ఆళ్లగడ్డ వైపు ముత్యాలపాడులో నిలదొక్కుకుని, తర్వాత నంద్యాలను పెద్ద కేంద్రం చేసుకుంది. 1876-78 కరువులో కర్నూలు జిల్లా దారుణంగా నలిగిపోయింది. ఆ కరువు వెనకాలే తెలుగు నేల మీద మాలపల్లెలు, మాదిగపల్లెలు గుంపులు గుంపులుగా క్రైస్తవంలోకి నడిచాయి. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో క్లౌ దొర కాలాన గుండ్లకమ్మ నదిలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనిషి మనిషిగా కాక కుటుంబాలు, బంధుగణాలు, పల్లెలు కలిసి కదిలిన చరిత్ర ఇది. అందుకే ఇక్కడ క్రిస్మస్ మొదటినుంచీ పల్లె పండుగ. పాటల జట్టు ప్రతి గడపా తొక్కుతుంది, ప్రేమ విందుకు అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు.

పడమటి సలహాలు ఇక్కడ సరిగ్గా అతకకపోవడానికి కారణం అదే. 'బయటికి వెళ్లండి, మనుషుల్లో కలవండి' అని అవి చెబుతాయి. మన పల్లెలో ఒంటిగా ఉన్న మనిషి మనుషుల్లోనే ఉంటుంది. చర్చికి వస్తుంది, చాప మీద కూర్చుంటుంది, పాట పాడుతుంది. 'అవ్వా, బాగుండావా? పండక్కి ఏం చేసినావు?' అని అడిగితే, 'ఒక్కదానికి ఏం చేసుకుంటా నాయనా' అంటుంది. అడిగినవాళ్లు నవ్వి ముందుకు పోతారు. ఆ జవాబు దగ్గర ఆగి వినవలసిందని నా నమ్మకం.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో ఒంటరితనాన్ని రెండుగా విడదీశారు. తనకంటూ ఉన్న ఒక్క మనిషి, అంటే భర్తో భార్యో తల్లో బిడ్డో లేకపోవడం ఒకటి. తనను కలుపుకునే గుంపు లేకపోవడం రెండోది. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచేయదని ఆయన గట్టిగా చెప్పారు. యాభై ఏళ్లు దాటినా ఈ అంశంపై ఇంతకంటే పనికొచ్చే విభజన నాకు కనబడలేదు. భర్త పోయిన అవ్వకు పల్లె ఉంది, మనిషి లేడు. గడివేముల మండలం బిలకలగూడూరు సిమెంటు ఫ్యాక్టరీకి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన క్రైస్తవ కార్మికుడికి ఫోనులో భార్యాబిడ్డలున్నారు, చుట్టూ గుంపు లేదు. ఇద్దరికీ ఒకే బిర్యానీ పొట్లం పంపితే ఇద్దరి కడుపులూ నిండుతాయి, ఇద్దరి లోటూ అలాగే ఉంటుంది.

ఇదంతా మనసుకు పట్టిన దిగులు మాత్రమేనని, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని అనుకునేవాళ్లు ఆరోగ్య లెక్కలు చూడాలి. జూలియాన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో 148 అధ్యయనాలను, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. గట్టి బంధాలున్నవాళ్లు ఆ అధ్యయనాల కాలమంతా బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. 2025 జూన్ 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉంది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఈ సమస్యకు ప్రత్యేకంగా మంత్రులనే పెట్టుకున్నాయి.

దీనితోపాటే ఒక భయాన్ని తొలగించాలి. క్రిస్మస్ రోజుల్లో ఆత్మహత్యలు పెరుగుతాయని పత్రికలు ప్రతి ఏడూ రాస్తుంటాయి. అమెరికా లెక్కల్లో అది నిజం కాదు. అక్కడ డిసెంబరు సాధారణంగా తక్కువ నమోదయ్యే నెలల్లో ఒకటి. పాశ్చాత్య దేశాల అధ్యయనాల్లో పండుగ ముందు తగ్గి, కొత్త సంవత్సరం దగ్గర పెరిగే ధోరణి కనిపించింది. గుండె సంగతి వేరు. అమెరికాలో గుండెజబ్బు మరణాలు క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో శిఖరానికి చేరతాయని 2004లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. నొప్పి వచ్చినా పండుగ పాడవుతుందని ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేసుకోవడం ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావించారు. ఒంటిగా ఉన్న పెద్దవాళ్ల ఇంటికి పండుగనాడు ఎవరో ఒకరు వెళ్లి రావడానికి ఇది చాలా మామూలు కారణం, చాలా గట్టి కారణం.

మన దేశంలో 60 దాటినవాళ్లలో ఒంటిగా బతుకుతున్నవాళ్లు నూటికి ఆరుగురి దాకా ఉన్నారని 2017-18 నాటి జాతీయ వృద్ధాప్య అధ్యయనం చెప్పింది. నూటికి ఆరు చిన్న సంఖ్యగా కనిపిస్తుంది. బిడ్డలు బెంగళూరు, హైదరాబాదు, కువైట్ పట్టిన పల్లెల్లో అది వీధికి రెండు మూడు ఇళ్లు. కె.సి. కాలువ నీళ్లున్నా, గని-శకునాల మధ్య 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చినా చదువుకున్న పిల్లలందరికీ ఇక్కడ పని లేదు. ప్రైవేటు ఉద్యోగాల్లో చాలామందికి దొరికేది 25వ తేదీ ఒక్కటే సెలవు. ఆ ఒక్కరోజు కోసం రాత్రి బస్సెక్కి వచ్చి మళ్లీ రాత్రే వెళ్లాలి. కొందరు వస్తారు, కొందరు వీడియో కాల్ చేస్తారు.

వీడియో కాల్ మీద మనం పెట్టుకున్న నమ్మకానికి రుజువు తక్కువ. 2020లో కొక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షకు వృద్ధుల ఒంటరితనంపై వీడియో కాల్ ప్రభావం మీద దొరికిన, దాని షరతులకు సరిపోయిన ప్రయోగాలు మూడే. అన్నీ తైవాన్ వృద్ధాశ్రమాల్లోవి, మొత్తం 201 మంది. మూడు నెలలకు ఒంటరితనంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అదే మామూలు ఫోను మరో చోట బాగా పనిచేసింది. అమెరికాలోని టెక్సస్‌లో ఇంటికి భోజనం అందుకుంటున్న 240 మందితో ఒక ప్రయోగం జరిగింది. వాళ్లలో సగం మందికి 17 నుంచి 23 ఏళ్ల పిల్లలు నాలుగు వారాలపాటు ఫోన్లు చేశారు. పిల్లలకు ఇచ్చిన శిక్షణ స్వల్పం. సలహాలు చెప్పడం వాళ్ల పని కాదు, అడగడం, వినడం పని. ఎన్నాళ్లకోసారి ఫోను కావాలో పెద్దవాళ్లే చెప్పుకున్నారు. 2021లో వెలువడిన ఫలితాల్లో ఒంటరితనం, దిగులు, ఆందోళన మూడూ తగ్గాయి. కొడుకు కాల్‌కూ ఈ కాల్‌కూ తేడా ఎక్కడుందో ఆలోచిస్తే నాకు తట్టేది ఇది. కొడుకు ఫోనులో మనవడి ముఖం కనబడుతుంది, పిండివంటలు చూపిస్తారు, రెండు నిమిషాల్లో ముగుస్తుంది. అవ్వ చూస్తుంది, అవ్వ మాట ఎవరూ వినరు. మన చర్చిల్లో యవ్వనస్థుల కూటం లేనిది ఏది? టెక్సస్‌లో చేసిన పనికి కావలసిన మనుషులు ఇక్కడ ప్రతి పల్లెలో ఉన్నారు.

కడుపు కోసం వెళ్లినవాళ్ల వైపు నుంచి కూడా ఈ పండుగను చూడాలి. కువైట్‌లో ఇంటిపనికి, అంటే 20 నంబరు వీసా మీద వెళ్లిన మన ఆడబిడ్డలకు డిసెంబరు 25 సెలవు కాదు. 2015లో అక్కడ వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్లకు వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని రాసింది. కాగితం మీది సెలవు గడప దాటడానికి యజమాని ఒప్పుకోవాలి. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు ఆరాధనలు చేసుకుంటాయి. శుక్రవారం సెలవు కాబట్టి అక్కడ ఆరాధనకు శుక్రవారమే పెద్దరోజు. అక్కడిదాకా చేరగలిగినవాళ్లకు ఒక గుంపు దొరుకుతుంది. చేరలేనివాళ్లకు వంటగదే చర్చి. మన పల్లెలో రాత్రి 12 గంటల ఆరాధన మొదలయ్యేటప్పటికి అక్కడ తొమ్మిదిన్నర. ఇంకా గిన్నెలు కడుగుతూ ఉండే వేళ. చర్చి మైకు ముందు ఫోను పెట్టి పాట వినిపించే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. మంచి పని. దానికి ఇంకొకటి జోడించాలి. సంఘ ప్రార్థనలో 'పరదేశాల్లో ఉన్న మన బిడ్డలు' అని మూకుమ్మడిగా తలచుకునే బదులు పేరుపేరునా తలచుకోవాలి. తన పేరు తన ఊళ్లో, తనవాళ్ల మధ్య పలికారని తెలియడం పరాయి ఇంటి వంటగదిలో ఉన్న మనిషికి ఎంత బలమో దూరంగా బతికినవాళ్లెవరిని అడిగినా చెబుతారు.

అన్నిటికంటే తక్కువ మాట్లాడుకున్న ఒంటరితనం మరొకటుంది. ఇల్లు నిండా మనుషులుంటారు, క్రిస్మస్ మాత్రం ఒక్కరిదే. అత్తగారింట్లో తను ఒక్కతే విశ్వాసి అయిన కోడలు ఆ రోజు రోజూలాగే వంట చేస్తుంది, పొలానికి సద్ది కట్టి పంపుతుంది, కొత్త చీర కట్టుకోవడానికి జంకుతుంది. ప్రార్థనకు వెళ్లడం దగ్గరే గొడవ మొదలవుతుంది. దీనికి కాగితాల కోణం ఒకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే; ఈ కాగితాల భయమూ అందుకు ఒక కారణం కావచ్చు. కుల సర్టిఫికెట్టుకూ విశ్వాసానికీ మధ్య నలిగేవాళ్లు ఉద్యోగమున్న ఊళ్లో నక్షత్రం కట్టడానికి వెనకాడతారు. పండుగను దాచుకోవలసి రావడం కన్నా పెద్ద ఒంటరితనం ఏముంటుంది? 1941లో కవి జాషువా 'గబ్బిలం'లో తన దళిత కథానాయకుడి మొర వినడానికి గబ్బిలాన్ని తప్ప ఎవరినీ పెట్టలేదు. ఆ ఒంటరితనం ఆ మనిషి స్వభావంలోంచి పుట్టింది కాదు, చుట్టూ ఉన్న సమాజం తలుపులు వేస్తే వచ్చింది. ఇలాంటి చోట 'ధైర్యంగా ఉండు' అనే సలహా బరువంతా బాధితురాలి మీదే వేస్తుంది. స్త్రీల సమాజం అక్కలు ఇద్దరు పండుగ మరునాడు పలకరింపుగా ఆ ఇంటికి వెళ్లి, అత్తగారితో కూడా ఆప్యాయంగా మాట్లాడి, నాలుగు కజ్జికాయలు అందరికీ పెట్టి వస్తే, అప్పటిదాకా మూసి ఉన్న మాట కదులుతుంది. అందరి ఇళ్లల్లో ఇది సాధ్యపడదు. సాధ్యపడే ఇళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువ.

చావు జరిగిన ఇంటి సంగతి కూడా చూడాలి. ఏడాది తిరగని ఇంట్లో పండుగ చేయకపోవడం మన నేల ఆచారం, క్రైస్తవ ఇళ్లలోనూ చాలామంది పాటిస్తారు. ఆ ఇంటికి నక్షత్రం ఉండదు. పాటల జట్టు గౌరవంతోనే ఆ గడప దాటి వెళ్లిపోతుంది. గౌరవమే అయినా లోపల కూర్చున్నవాళ్లకు తమను వదిలేసి వెళ్లినట్టే వినిపిస్తుంది. కొన్ని దేశాల చర్చిల్లో ఏడాదిలో అతి పొడవైన రాత్రి వచ్చే డిసెంబరు 21 ప్రాంతంలో దుఃఖంలో ఉన్నవాళ్ల కోసం విడిగా ఆరాధన జరుపుతారు. ఆర్భాటం లేకుండా పోయినవాళ్ల పేర్లు చదువుతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మనకు సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టే అలవాటు ముందే ఉంది. ఆ అలవాటును క్రిస్మస్ ముందు వారంలోకి ఒక సాయంత్రం తెచ్చుకోవడం ఏ పాస్టరయ్యకూ కష్టం కాదు. పాటల జట్టు కూడా, డప్పు లేకుండా, మైకు లేకుండా, ఒక్క నెమ్మది కీర్తన దుఃఖంలో ఉన్న ఆ ఇంటి గడప ముందు పాడవచ్చా అని ముందురోజు వెళ్లి అడిగితే చాలు.

పాటల జట్టు గురించి ఒక మాట. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు మంచం పట్టారో, ఎవరి తలుపుకు తాళం ఉందో ఏటా ఒకసారి పల్లెంతా తిరిగి చూసే బృందం మరొకటి లేదు. ఏ ప్రభుత్వ సర్వేకీ అంత దగ్గరి చూపు లేదు. ట్రాక్టరు మీద స్పీకరు బాక్సులు పెట్టి, వీధి మొదట్లో ఆగి, పాట వినిపించి సాగిపోయే పద్ధతి వచ్చాక ఆ చూపు పోతోంది. పాట ప్రతి ఇంటికీ వినబడుతుంది, పాడినవాళ్లు ఏ ఇంట్లోనూ అడుగుపెట్టరు. నడిచి వెళ్లే పద్ధతిని కాపాడుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఒకే ఊళ్లో సి.ఎస్.ఐ., బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు పక్కపక్కనే ఉండటం వల్ల ఇంకో చిక్కు ఉంది. ఫలానా పెద్దమ్మ వాళ్ల సంఘం మనిషి అని వీళ్లు, వీళ్ల మనిషని వాళ్లు అనుకుంటే ఏ జట్టూ ఆ ఇంటికి వెళ్లదు. సంఘాలన్నీ కలిసి చేసుకునే యునైటెడ్ క్రిస్మస్‌కు ఒకే వేదిక మీద కూర్చోగలిగిన పాస్టర్లు అలాంటి ఇళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోలేరా?

ఇక అసలు ప్రశ్న, వెళ్లి ఏం చేయాలి? మనకు తెలిసిన జవాబు పెట్టడం: చీర, దుప్పటి, బిర్యానీ, కేకు. అవసరమైనవాళ్లకు అవి అందాలి, అందులో సందేహం లేదు. అయితే స్టెఫానీ బ్రౌన్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం ఆలోచింపజేస్తుంది. 423 వృద్ధ జంటలను ఐదేళ్లు గమనిస్తే, ఇతరులకు సాయం చేస్తున్నవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. సాయం అందుకోవడం అంత మేలు చేసినట్టు కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సాయం చేయగలరన్న అభ్యంతరాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాకే ఈ ఫలితం వచ్చింది. ఇది నాకు పల్లె అనుభవంతో సరిపోలుతుంది. 'ఒక్కదానికి ఏం చేసుకుంటా' అన్న అవ్వకు చేయడం రాక కాదు, తినేవాళ్లు లేక. ఆమెకు అరిసెలు పంపడం కన్నా పాకం పట్టు చూడటానికి ఆమెను పిలవడం మేలు. పాకం తీగ సాగిందో లేదో చెప్పగలిగినవాళ్లు పల్లెలో తగ్గిపోతున్నారు కూడా. పాత కీర్తనల వరసలు తెలిసిన తాతను పాటల జట్టుకు నేర్పమనాలి. సోలార్ పార్కు కాపలా డ్యూటీలో ఉన్న పరాయి భాష అబ్బాయిని వాళ్ల భాషలో ఒక పాట పాడమనాలి. అర్థం కాకపోయినా వరస తెలిసినదే అయ్యుండొచ్చు.

రోమ్‌లో సంత్ ఎజిదియో అనే విశ్వాసుల బృందం 1982 క్రిస్మస్ నాడు త్రస్తెవెరెలోని మరియమాత చర్చి లోపలే బల్లలు వేసి పేదలతో కలిసి భోంచేసింది. మొదటిసారి వచ్చినవాళ్లు కొద్దిమందే, తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది. అక్కడ వడ్డించేవాళ్లూ తినేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. మన ప్రేమ విందు మూలరూపం కూడా ఇదే కదా. ఇప్పుడు కొన్ని చోట్ల అది ప్యాకెట్టుగా మారి ఇంటికి పోతోంది. ప్యాకెట్టుతోపాటు పక్కన కూర్చునే మనిషి రాడు.

ఈ వ్యాసాన్ని ఒంటిగా కూర్చుని చదువుతున్నవాళ్లతో నేరుగా కొన్ని మాటలు చెప్పాలి. షికాగో విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి ఈ విషయం మీద పనిచేసిన జాన్ కాచియొప్పో ఒంటరితనాన్ని ఆకలి లాంటి సూచన అన్నారు. ఆకలి వేయడం తప్పు కానట్టే ఇదీ తప్పు కాదు. చాలాకాలం ఒంటరిగా ఉన్న మనసు ఇతరుల్లో తిరస్కారాన్ని ముందుగా వెతుకుతుందని కూడా ఆయన చూపించారు. 'పిలవలేదంటే వద్దనుకున్నారు' అని తోస్తుంది. చాలాసార్లు వాళ్లు పండుగ హడావుడిలో మరచిపోయి ఉంటారు. 2011లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష రకరకాల చికిత్సలను పోల్చి, గట్టి ప్రయోగాల్లో అన్నిటికంటే బాగా పనిచేసింది ఇలాంటి అనుమానాన్ని గుర్తుపట్టి సరిచూసుకోవడం నేర్పే పద్ధతేనని చెప్పింది. కాబట్టి పిలుపు కోసం చూడకుండా మీరే ఒకరిని పిలవండి. ముద్ద సంకటి, కాస్త కూర చాలు. రోజును ముందే గంటలుగా పంచుకోండి: ఆరాధన, వంట, ఒకరింటికి పోయి రావడం, ఒక ఫోను, నిద్ర. తాగుడుతో ఆ రాత్రి గడిపేయాలనుకునే అన్నలు మరునాటి ఉదయాన్ని తలచుకోండి, ఆ వెలితి రెట్టింపై వస్తుంది. ఏకాంతం హాయిగా ఉన్నవాళ్లను బలవంతంగా గుంపులోకి లాగకూడదు. యేసు జనాన్ని విడిచి అరణ్యప్రదేశాలకు వెళ్లి ప్రార్థించేవాడని సువార్తలే చెబుతాయి. చచ్చిపోవాలన్న ఆలోచన గనక వస్తే ఆ క్షణమే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ అది. రాత్రీపగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ల ఇతర ఇబ్బందులకు 14567 ఉంది.

బెంగళూరు, హైదరాబాదు బస్సులెక్కి పిల్లలు వెళ్లిపోయాక డిసెంబరు 26 నుంచి మొదలయ్యే రోజులు పండుగ రోజు కన్నా బరువైనవి. సంఘాల సాయం మాత్రం 25తో ఆగి, 31 రాత్రి వాగ్దాన కార్డులు పంచినప్పుడు ఒకసారి తిరిగి కనబడుతుంది. టెక్సస్ పిల్లలు ఫోన్లు చేసింది నాలుగు వారాలు. క్రిస్మస్ నుంచి లెక్కేస్తే అది సంక్రాంతి దాటి ఇంకో వారం వస్తుంది. పాటల జట్టులోని ఒక్కొక్కరు ఇద్దరు పెద్దవాళ్ల నంబర్లు రాసుకుని, జనవరి 22 దాకా వాళ్లు అడిగినన్నిసార్లు ఫోను చేయాలి. పరీక్షలకు చదువుకునే పిల్లలు కూడా రోజుకు పది నిమిషాలు ఇవ్వగలరు. ఆ తర్వాత ఎవరికి ఫోన్లు కొనసాగించాలో, ఎవరి ఇంటికి నడిచి వెళ్లాలో ఆ నాలుగు వారాల్లో విన్న మాటలనుబట్టి పాస్టరమ్మ, పిల్లలు కూర్చుని తేల్చుకోవచ్చు.